రిజిస్టర్‌లో హాజరు, క్లాసులో గైర్హాజరు: డెల్టాలోని ఒక హైస్కూల్ కేస్ స్టడీ

"ఎనిమిదో తరగతిలో సగం మందికి లెక్కలు రావండి. సాయంత్రం స్పెషల్ క్లాసులు కూడా పెట్టాం. అయినా లాభం లేదు." హెడ్మాస్టరు గారు నాకు సమస్యను చెప్పింది ఇలాగే. గోదావరి వశిష్ఠ పాయ పక్కన, కోనసీమ వైపున్న జిల్లా పరిషత్ హైస్కూల్ అది. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే పిల్లలెవరో, మాస్టార్లెవరో చుట్టుపక్కల వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. చాలా ఏళ్లు లెక్కలు చెప్పాక ఇప్పుడు నేను చేస్తున్న పని, స్కూళ్లకు వెళ్లి టీచర్లతో కలిసి కూర్చుని, ఒక సమస్య అసలు ఎక్కడ మొదలైందో వెతకడం.

స్టాఫ్ రూమ్‌లో కారణాలకు కొదవ లేదు. ప్రైమరీలో పునాది లేదన్నారు. ప్రైమరీ వాళ్లని అడిగితే అంగన్‌వాడీ నుంచే సరిగా లేదంటారని నాకు తెలుసు. తల్లిదండ్రులకు పట్టింపు లేదన్నారు. సెల్‌ఫోన్లన్నారు. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలాకి పోయి పొద్దున్న క్లాసులో కునికిపాట్లు పడతారన్నారు. తల్లి కువైట్‌లో, పిల్లలు అమ్మమ్మ దగ్గర, ఇక చదువెక్కడిదన్నారు. వీటిలో ఏదీ అబద్ధం కాదు, అలాంటి పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉన్నారు. కాకపోతే ఈ కారణాలన్నీ స్కూల్ గేటు బయటే ఉన్నాయి. ఒక్కటి కూడా గేటు లోపల లేదు. ఏ స్కూల్లోనైనా కారణాల చిట్టా ఇలా ఒకవైపే ఒరిగితే నాకు ముందుగా అనుమానం ఆ చిట్టా మీదే వస్తుంది.

ఒక కారణం నిలుస్తుందో లేదో చూడ్డానికి నేను వాడే పరీక్ష చాలా సాదాది. సమస్య ఉన్నచోట ఆ కారణం కనపడాలి. సమస్య లేనిచోట కనపడకూడదు. ప్రైమరీ పునాదే కారణమైతే అదే ప్రైమరీలో చదివిన మిగతా పిల్లలకు లెక్కలు ఎలా వచ్చాయి? తల్లిదండ్రుల నిర్లక్ష్యమే కారణమైతే అదే పిల్లవాడికి సైన్సులో మార్కులు ఎలా వచ్చాయి?

పేపర్లను వేరే రకంగా పేర్చడం

మొదటి ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) పేపర్లు అడిగి తీసుకున్నాను. సాధారణంగా వీటిని మార్కుల ప్రకారం పేర్చి ఎ గ్రేడు, బి గ్రేడు అని లెక్క కడతారు. దాంతో ఎవరు వెనకబడ్డారో తెలుస్తుంది, ఎందుకు వెనకబడ్డారో తెలియదు. మేం పిల్లల ఊళ్ల ప్రకారం పేర్చాం. ఈ హైస్కూల్‌కి పెద్ద ఊరి పిల్లలు, గట్టు పక్క పేటల పిల్లలు, పాయ అవతల లంకల పిల్లలు వస్తారు. వెనకబడిన వాళ్లలో ముగ్గురికి ఇద్దరు లంక పిల్లలే అని తేలింది.

"చూశారా, లంకోళ్లకి చదువు మీద ధ్యాస ఉండదని ఇందాకే చెప్పాను" అన్నారొకాయన. సరేనని అవే పేర్లతో తెలుగు, సైన్సు పేపర్లు తెప్పించాం. వాటిలో లంక పిల్లలు మిగతా వాళ్లతో ఇంచుమించు సమానంగా ఉన్నారు, ఒకరిద్దరు ముందే ఉన్నారు. ధ్యాస లేకపోవడం ఒక్క లెక్కల దగ్గరే పనిచెయ్యదు కదా. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. నిజానికి ఆయన దురుద్దేశంతో అన్నది కాదు. ఏళ్ల తరబడి లెక్కల మార్కులు మాత్రమే చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

తర్వాత ఏ ప్రశ్నల్లో తప్పులు పోయాయో చూశాం. పాత ఆధారం కావాలని, ఇప్పుడు తొమ్మిదిలో ఉన్న పిల్లలు పోయినేడు ఎనిమిదిలో రాసిన పేపర్లు కూడా బీరువాలోంచి తీయించాను. ఎనిమిదో తరగతి లెక్కల్లో మొదట అకరణీయ సంఖ్యలు, ఆ వెంటనే ఏకచరరాశిలో రేఖీయ సమీకరణాలు వస్తాయి. ఈ రెండూ జూన్, జూలై, ఆగస్టు నెలల పాఠాలు. లంక పిల్లలు వీటి దగ్గరే పడిపోయారు. అనులోమ, విలోమానుపాతాలు సంక్రాంతి తర్వాత చెప్పారట, అందులో అదే పిల్లలు చక్కగా చేశారు. మళ్లీ కారణాంక విభజన దగ్గర చతికిలపడ్డారు. అది కూడా ఏడాది చివరి పాఠమే, కానీ దానికి మొదట పోగొట్టుకున్న బీజగణితం కావాలి.

అంటే అదే పిల్లలు, అదే మాస్టారు, అదే గది. ఏడాదిలో సగం రోజులు పాఠం ఎక్కుతోంది, సగం రోజులు ఎక్కట్లేదు. మరి ఎక్కని రోజులకీ ఎక్కే రోజులకీ తేడా ఏమిటి?

డెల్టాలో పుట్టిన వాళ్లకి ఈ ప్రశ్నకు జవాబు ఇప్పటికే తట్టి ఉంటుంది. జూలైలో ఎర్రనీరు, అంటే కొత్త వరద నీరు, వచ్చాక పాయ మీద వేసుకున్న మట్టి బాట కొట్టుకుపోతుంది. మళ్లీ నీళ్లు తీసి బాట పోసుకునే దాకా, అంటే దాదాపు శీతాకాలం దాకా, లంకల వాళ్లకి పడవే గతి. బాట ఉన్న నెలల్లో పిల్లలు సైకిళ్ల మీద పావుగంటలో బడికొస్తారు.

రిజిస్టర్ ఏం చెప్పింది, ఏం దాచింది

సహజంగానే హాజరు రిజిస్టర్ చూశాం. జూలై నుంచి నవంబరు దాకా లంక పిల్లల హాజరు కాస్త తగ్గింది కానీ మరీ అంతగా కాదు. వరద హెచ్చరికలు ఉన్న రోజులు తీసేస్తే ఊరి పిల్లలతో సమానమే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. ఆ రోజుల్లో పడవలు ఆపేస్తారు, సెలవులిస్తారు, కొన్ని బళ్లు పునరావాస కేంద్రాలవుతాయి. ఆ నష్టం అందరికీ తెలిసిందే, లెక్కలోకి వచ్చేదే. ఇక్కడ కనపడుతున్న వెనకబాటుకి ఆ కొద్ది రోజులు సరిపోవు.

రిజిస్టర్‌ని పక్కన పెట్టి ఉదయం గేటు దగ్గర నిలబడితే విషయం బయటపడింది. బడి గంట తొమ్మిదికి. ప్రార్థన అయ్యాక మొదటి పీరియడు. లంక పిల్లలు గుంపుగా, సగం తడిసిన యూనిఫారాలతో, తొమ్మిదిన్నర దాటాక, ఒక్కోరోజు పది గంటలకి దిగుతున్నారు. ఆలస్యంగా వచ్చిన వాళ్లు రెండో పీరియడు దాకా వరండాలో నిలబడాలని రూలు. ఎనిమిదో తరగతికి మొదటి పీరియడు వారం పొడుగునా లెక్కలు.

క్లాస్ టీచరమ్మ మంచి మనిషి. వరండాలో నిలబడ్డ పిల్లలందరికీ రెండో పీరియడులో హాజరు వేసేస్తున్నారు. "పాపం వాళ్ల తప్పేముందండీ, హాజరు 75 శాతం కన్నా తగ్గితే అమ్మ ఒడి డబ్బులు పోయేవి కదా, అప్పట్నుంచీ ఇలాగే వేస్తున్నాను" అన్నారు. పథకం డబ్బుని హాజరుకి ముడిపెట్టినప్పుడు మొదలైన అలవాటు అది. ఆవిడ స్థానంలో ఉంటే చాలామంది అలాగే చేస్తారు. కానీ ఆ దయ వల్ల ఏటా కొన్ని నెలల పాటు ఒక తరగతిలో మూడోవంతు మంది లెక్కల పాఠం వినడం లేదన్న సంగతి స్కూల్లో ఏ కాగితం మీదా లేకుండా పోయింది. మా రిజిస్టర్లలో ఉన్నవి రెండే గళ్లు, వచ్చాడు, రాలేదు. ఆలస్యానికి గడి లేదు. గడి లేని సమస్య రివ్యూ మీటింగ్‌కి రాదు.

వరండా రూలు ఎందుకు పెట్టారని అడిగాను. కొన్నేళ్ల కిందట ఊరి పిల్లలు కొందరు గంట కొట్టాక కూడా బడ్డీకొట్టు దగ్గర కూర్చుంటున్నారని పెట్టారట. అది పనిచేసింది కూడా, ఊరి పిల్లలు టైముకి రావడం మొదలెట్టారు. ఒక జబ్బుకి వేసిన మందు ఇంకొకళ్లకి జబ్బు తెచ్చింది. (శిక్షగా నిలబెట్టడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ స్ఫూర్తికి విరుద్ధమన్న సంగతి వేరే. అది చెప్పి రూలు తీయించడం తేలికే, కానీ అప్పుడు ఆలస్యం మాత్రం అలాగే ఉండిపోయేది.)

ఇక సాయంత్రం స్పెషల్ క్లాసులు. నాలుగు గంటల తర్వాత పెట్టారు. అవతలి ఒడ్డుకి వెళ్లే పడవ చీకటి పడకముందే పోవాలి కాబట్టి లంక పిల్లలు వాటికి ఒక్కరోజు కూడా కూర్చోలేదు. కూర్చున్నది ఊళ్లో ఉండేవాళ్లు. వాళ్లలో చాలామందికి ఆ క్లాసు అవసరమే లేదు. "క్లాసులు పెట్టినా లాభం లేదు" అన్న మాట వెనక ఉన్నది ఇదీ.

ఎందుకు, ఎందుకు, ఎందుకు

మూలకారణాల మాట వస్తే అందరూ 'ఐదు ఎందుకు'ల పద్ధతి చెబుతారు. టొయోటాలో పుట్టిన పద్ధతి. దాన్ని ప్రచారంలోకి తెచ్చిన తాయిచీ ఓనో చెప్పిన ఉదాహరణలో ఒక యంత్రం ఆగిపోతుంది. ఎందుకంటే లోడు ఎక్కువై ఫ్యూజు పోయింది. ఎందుకంటే బేరింగ్‌కి నూనె చాల్లేదు. ఎందుకంటే పంపు నూనె తోడట్లేదు. ఎందుకంటే పంపు ఇరుసు అరిగిపోయింది. ఎందుకంటే జల్లెడ లేక ఇనుప రజను లోపలికి పోయింది. ఫ్యూజు మార్చి ఊరుకుంటే నెల తిరక్కుండా మళ్లీ పోతుంది, జల్లెడ పెడితే పోదు.

యంత్రం విషయంలో ప్రతి 'ఎందుకు'కీ ఒకటే జవాబు, అది ఎవరు చెప్పినా ఒకటే. స్కూల్లో అలా కాదు. ఎవర్ని అడిగామన్నదాన్ని బట్టి గొలుసు మారిపోతుంది. మేం ఇదే ప్రశ్నను లెక్కల మాస్టారిని అడిగితే: పిల్లలు ఎందుకు ఆలస్యం? పొద్దున్నే బయల్దేరరు. ఎందుకు? ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. ఎందుకు? చదువంటే విలువ లేదు. మూడు ప్రశ్నలకే దారి మూసుకుపోయింది. చివర మిగిలింది మనుషుల గుణం, దాన్ని స్కూలు మార్చలేదు. గొలుసు మనిషి గుణం దగ్గర ఆగిందంటే నా దృష్టిలో ప్రశ్న తప్పు మనిషిని అడిగినట్టే.

అదే ప్రశ్న రేవు దగ్గర ఒక తల్లిని అడిగాం. "మావోడు ఏడున్నరకే రేవుకాడ ఉంటాడండి. పడవ కదలదండి, ఏం చెయ్యమంటారు?" ఎందుకు కదలదు? "గెలలెక్కాలి కదండీ." అరటి గెలలు, కూరగాయల మూటలు, పాల క్యాన్లు. రావులపాలెం అరటి మార్కెట్‌కి సరుకు పొద్దున్నే చేరాలి. సరుక్కి కిరాయి వస్తుంది, బడి పిల్లల దగ్గర పడవాయన డబ్బులు తీసుకోడు. మరి సరుకు ముందా, పిల్లలు ముందా అన్నది రేవు పాటలో, అంటే పడవ నడిపే హక్కుకి పెట్టే వేలంలో, రాసుకోలేదా? పడవాయన నవ్వి, "పాటలో రేటు రాస్తారండి, టైము ఎవరు రాస్తారు?" అన్నాడు.

ఇదీ రెండో గొలుసు. లెక్కలు రాకపోవడం, మొదటి పీరియడు పోవడం, పడవ ఆలస్యం, సరుకు ముందెక్కడం, రేవు వేలం షరతుల్లో బడి వేళ లేకపోవడం. దీని చివర ఉన్నది మనిషి గుణం కాదు, ఒక కాగితంలో లేని ఒక వాక్యం. అయితే ఇదొక్కటే గొలుసు కాదు. 'మొదటి పీరియడు పోతే లెక్కలే ఎందుకు పోవాలి?' అన్నచోట ఇంకో కొమ్మ చీలుతుంది. పొద్దున్న బుర్ర చురుగ్గా ఉంటుందని లెక్కలు మొదట వేస్తారు. ఎవరు వేశారు? ఎప్పుడో వేశారు, ఏటా అదే టైమ్‌టేబుల్ మీద తేదీ మారుస్తున్నారు. 'ఆలస్యం సంగతి ఇన్నాళ్లు ఎందుకు తెలియలేదు?' అన్నచోట మూడో కొమ్మ, అది హాజరు రిజిస్టర్ దగ్గరికి పోతుంది.

అందుకే ఒంటి గొలుసు కన్నా జపాన్‌కే చెందిన ఇషికావా గీసిన చేప ముల్లు బొమ్మ స్కూళ్లకు బాగా నప్పుతుందని నాకనిపిస్తుంది. నడుమ వెన్నుముల్లు, తల దగ్గర సమస్య, అటూ ఇటూ కారణాల ముళ్లు. చార్టు మీద అది గీస్తుంటే సోషల్ మాస్టారు "ఇది పులస బొమ్మండి, ఇన్ని ముళ్లు దానికే ఉంటాయి" అన్నారు. స్టాఫ్ రూమ్‌లో అందరూ అంత మనసు విప్పి నవ్వడం అదే మొదలు. ఆ తర్వాత మాటలు కూడా కొంచెం మెత్తబడ్డాయి. వరండా రూలు గురించి లెక్కల మాస్టారు తనంత తనే చెప్పింది ఆ పూటే.

ముందు చిన్న మార్పు, తర్వాత రేవు

కారణం దొరికిందనుకున్నాక దాన్ని కదిపి చూడాలి. కదిపినా సమస్య కదలకపోతే అది కారణం కాదు. టైమ్‌టేబుల్ హెడ్మాస్టరు చేతిలో ఉన్నది, ఖర్చు లేనిది, కాబట్టి అక్కడ మొదలుపెట్టాం.

ఇక్కడ వచ్చిన తగువు చెప్పి తీరాలి. లెక్కల్ని మూడో పీరియడుకి జరిపితే మొదటి పీరియడు ఎవరికి? తెలుగు మాస్టారు, "అంటే తెలుగు పోయినా ఫరవాలేదా?" అన్నారు. పీఈటీ పీరియడు వేద్దామంటే ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. లంక పిల్లల్లో మంచి కబడ్డీ ఆటగాళ్లున్నారు, వాళ్లకి ఆట పోతే బడికి రావాలన్న హుషారే పోతుందన్నారు. ఇద్దరిదీ న్యాయమే. మొదటి పీరియడుకి ఏ సబ్జెక్టు వేసినా నష్టం ఇంకో చోటికి మారుతుందే తప్ప పోదు. చివరికి పడవ నెలల్లో మొదటి పీరియడుని రోజుకొక సబ్జెక్టుకి పంచారు. ఒక్కో సబ్జెక్టుకి వారంలో ఒక్కరోజే నష్టం, అది కూడా కొత్త పాఠం కాకుండా పాత పాఠం మననానికి వాడాలని ఒప్పందం. స్పెషల్ క్లాసు మధ్యాహ్న భోజనం తర్వాత, బడి వేళల్లోనే పెట్టారు. వరండా రూలు తీసేసి అటెండర్ దగ్గర ఒక లేటు పుస్తకం పెట్టారు, వచ్చిన టైము, ఊరు, కారణం. హాజరు మాత్రం మామూలుగానే పడుతుంది, పథకం డబ్బుకి ఢోకా లేదు. ఈ చివరి మాట ముందే చెప్పకపోతే క్లాస్ టీచరమ్మ ఆ పుస్తకానికి ఒప్పుకునేవారు కాదు, ఒప్పుకోకపోవడమే సబబు కూడా.

కొన్ని వారాల లేటు పుస్తకం చేతికొచ్చాక దాన్ని స్కూల్ కమిటీ మీటింగ్‌లో పెట్టాం. చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. స్కూల్ అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది వాళ్లే. చాలా చోట్ల ఇది సంతకాల వరకే ఉంటుంది. ఆ రోజు అలా జరగలేదు. పడవాయనది తప్పని ఒకరిద్దరు గట్టిగా మాట్లాడుతుంటే వెనక కూర్చున్న ఒకావిడ లేచి, "ఆ గెలలు మనవే కదండీ" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పిల్లల్ని ఆపుతున్న సరుకు ఆ పిల్లల నాన్నలదే. మార్కెట్ వేళ దాటితే రేటు పడిపోతుందని వాళ్ల భయం. దాన్ని నిర్లక్ష్యం అనలేం, బతుకుతెరువు అది.

తేలింది ఏమిటంటే, గెలలు బాగా తెల్లవారుజామున ఒక ట్రిప్పు, ఎనిమిదింబావుకి సరుకు లేకుండా పిల్లల ట్రిప్పు, మిగిలిన సరుకు ఆ తర్వాత. పడవాయనకి డీజిల్ గిట్టుబాటు కాదన్నాడు. ఆ ట్రిప్పులో పెద్దవాళ్లు ఎక్కితే వాళ్ల కిరాయి అతనిదే, లైఫ్ జాకెట్లు లేకుండా పిల్లల్ని ఎక్కించకూడదు అన్న రెండు మాటల మీద ఒప్పుకున్నాడు. ఇది నోటిమాట ఒప్పందమే. వచ్చే వేలం పాటలో షరతుగా రాయాలని పంచాయతీకి కమిటీ తీర్మానం పంపింది.

ఏం మారింది, ఏం మారలేదు

ఆలస్యాలు బాగా తగ్గాయి. పూర్తిగా పోలేదు, మంచు పట్టిన రోజుల్లో, గాలి ఉన్న రోజుల్లో పడవ ఆలస్యమవుతూనే ఉంది. తర్వాతి పరీక్షలో కొత్త పాఠాల ప్రశ్నల వరకు లంక పిల్లలకీ ఊరి పిల్లలకీ తేడా దాదాపు కనపడలేదు. ఇదే అసలు రుజువు, ఎందుకంటే మాస్టారు మారలేదు, బోధన మారలేదు, పిల్లల ఇళ్లు మారలేదు. బీజగణితం మాత్రం వెంటనే రాలేదు. పోయిన పాఠం పోయినట్టే ఉంది, మధ్యాహ్నం క్లాసులో మొదటినుంచి చెప్పుకు రావలసిందే. తొమ్మిదిలోకి వెళ్లిపోయిన పిల్లలకి ఆ అవకాశం కూడా లేదు. వాళ్ల టైమ్‌టేబుల్లో ఖాళీ లేదు, పదో తరగతి పబ్లిక్ పరీక్ష మీద పడుతోంది.

వరద వారాల్లో బీజగణితం బదులు వేరే పాఠం చెబుదామన్న ఆలోచన కుదరలేదు. ఎఫ్‌ఏకి ఏ పాఠాలు రావాలో పైనుంచి నిర్ణయమై వస్తుంది, ప్రశ్నపత్రం కూడా అంతే. గోదావరికి వరద ఎప్పుడొస్తుందో సిలబస్ క్యాలెండర్ రాసే వాళ్లకి తెలియక కాదు, రాష్ట్రం మొత్తానికి ఒకటే క్యాలెండర్ కాబట్టి. ఇది స్కూల్ స్థాయిలో తెగే విషయం కాదని చేప బొమ్మలో ఆ ముల్లు చుట్టూ సున్నా చుట్టి వదిలేశాం.

ఇంకో సంగతి. వెనకబడిన వాళ్లలో మూడో వంతు లంక పిల్లలు కారని మొదట్లోనే చూశాం. పడవ కథ వాళ్లకి వర్తించదు. ఇక్కడే చాలామంది తొందరపడతారు, ఒక కారణం అందంగా దొరికితే అందరికీ అదే తొడుగుతారు. వాళ్ల పేపర్లు విడిగా చూస్తే తప్పుల తీరే వేరు. ఏ నెల పాఠమైనా ఒకేలా తప్పుతున్నారు, వాళ్లకి భాగహారమే సరిగా రాదు. వీళ్లలో కొందరి విషయంలో 'ప్రైమరీ పునాది' అన్న స్టాఫ్ రూమ్ మాట నిజమే. ఇద్దరు ఆడపిల్లలది మాత్రం ఇంకో దారి. దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పుల రోజుల్లో, కోతల రోజుల్లో తల్లి కూలికి పోతే చిన్నపిల్లల్ని చూసుకోవడానికి వీళ్లు ఇంటి దగ్గర ఆగిపోతున్నారు. ఆ రోజులు రిజిస్టర్‌లో గైర్హాజరుగానే కనపడుతున్నాయి, ఎవరూ తేదీల్ని పంటల రోజులతో పక్కపక్కన పెట్టి చూడలేదంతే. వాళ్ల పేటలో అంగన్‌వాడీ ఉంది, కానీ కూలికి వెళ్లే ఆడవాళ్లు చీకటితో బయల్దేరతారు, అంగన్‌వాడీ తెరిచేసరికి వాళ్లు పొలంలో ఉంటారు. అంగన్‌వాడీ టీచరుతో, సూపర్‌వైజరుతో ఈ వేళల గురించి మాటలు మొదలయ్యాయి. లేటు పుస్తకంలాగే దీనికీ ఒక నోటు పుస్తకం పెట్టమన్నాను: ఏ రోజు, ఎవరు, ఇంట్లో ఎవరి కోసం ఆగారు. దాళ్వా ఊడ్పులు మొదలయ్యే నాటికి అది క్లాస్ టీచర్ల చేతిలో ఉంటుంది.